బేస్‌మెంట్‌లో ముక్కిన వాసన, గోడకి తెల్ల పొడి: 16 వేల డాలర్లు పెట్టాల్సిందేనా?

ఎడిసన్_లలిత
మార్చిలో ఇల్లు కొన్నాం. న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర, 1970ల్లో కట్టినది. బేస్‌మెంట్ సగం ఫినిష్ చేసి ఉంది, మిగతా సగం ఉత్త సిమెంట్ బ్లాకుల గోడ. కొన్న రోజున పొడిగా, శుభ్రంగా ఉంది. జూన్ వచ్చేసరికి మెట్లు దిగుతుంటేనే ముక్కిన బియ్యం వాసన. ఉత్తరం మూల గోడకి మోకాలి ఎత్తు వరకూ తెల్లటి పొడి తేలింది, వేలితో రాస్తే ఉప్పులా రాలుతోంది. నిన్న మా అబ్బాయి మృదంగం సంచి విప్పితే చర్మం మీద గుండ్రటి బూజు మచ్చలు. వాడు ఏడ్చేశాడు. అది మా నాన్నగారు చెన్నైలో దగ్గరుండి చేయించి పంపినది.

వాటర్‌ప్రూఫింగ్ కంపెనీ మనిషి వచ్చాడు. పావుగంట చూసి, లోపల చుట్టూ నేల తవ్వి డ్రెయిన్ వేయాలి, కొత్త పంపు పెట్టాలి అన్నాడు. 16,400 డాలర్లు. అదే రోజు సంతకం పెడితే పది శాతం తగ్గిస్తాడట. డౌన్ పేమెంట్ కట్టాక మా దగ్గర అంత మిగల్లేదు. రెండు రాత్రులుగా నిద్ర పట్టడం లేదు. నిజంగా అంత పని ఉందా? అత్తయ్య, మామయ్య ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, వాళ్ల పడక కూడా కిందే.

గోంగూర_పచ్చడి
"ఈ రోజే సంతకం" అన్నవాడిని రేపు రమ్మనండి. నీళ్లు ఎక్కడికీ పోవు కదా.

డెట్రాయిట్_బావ
సంతకం ఇప్పుడే పెట్టకండి సరే, కానీ ఆ డ్రెయిన్ పని దండగ అని మాత్రం అనుకోకండి. మాదీ బ్లాకుల గోడే. రెండేళ్లు ఆ పెయింటూ ఈ పెయింటూ అంటూ తిరిగి చివరికి 11 వేలు పెట్టి లోపల డ్రెయిన్ వేయించాను. ఐదేళ్లయింది, చుక్క లేదు. ముందే చేయించి ఉంటే కార్పెట్ దక్కేది.

కూకట్‌పల్లి_కుర్రోడు
ఒక డౌట్. బేస్‌మెంట్ అంటే పునాది మీద లేపే కట్టు కదా? దాంట్లో మృదంగం ఎలా పెట్టారు?

గోంగూర_పచ్చడి
@కూకట్‌పల్లి_కుర్రోడు ఇక్కడ బేస్‌మెంట్ అంటే మన సెల్లార్ తమ్ముడూ. నేల కింద పూర్తి గది. చలికి నేల గడ్డకట్టే చోట పునాది లోతుగా తీయాలి, ఎలాగూ తీశారు కదా అని గది చేసేస్తారు.

డాలస్_డబ్బా
మా టెక్సస్‌లో ఈ గొడవే లేదు. బంకమట్టి నేల, బేస్‌మెంట్ కట్టేవాళ్లు బాగా తక్కువ. నేల మీద స్లాబ్, దాని మీద ఇల్లు.

చికాగో_చలి
@డాలస్_డబ్బా అందుకే టోర్నడో సైరన్ మోగితే మీరు బాత్‌టబ్‌లో దూరతారు :)

పాత_మేస్త్రి
అమ్మా లలితా, నేను ఇండియాలో 30 ఏళ్లు కట్టుబడి పనులు చూసినవాణ్ణి. ఇప్పుడు కొలంబస్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. ముందు ఒక సంగతి తేల్చుకో. గోడ చెమర్చడం వేరు, గోడ ఊరడం వేరు. చల్లటి మజ్జిగ చెంబు బయట పెడితే చుట్టూ చెమట పడుతుంది. ఆ నీళ్లు చెంబులోంచి రావు, గాలిలోంచి వస్తాయి. కుండ సంగతి అలా కాదు, లోపలి నీళ్లే బయటికి ఊరతాయి. నీ గోడ చెంబా, కుండా? అది తెలియకుండా ఎవరు ఎంత ధర చెప్పినా చీకట్లో బాణమే.

తెల్ల పొడి ఉన్న మూల మాత్రం కుండే అని నా అనుమానం. నీళ్లు మట్టిలోంచి, సిమెంటులోంచి వస్తూ ఉప్పుని కరిగించుకుని వస్తాయి. గోడ లోపలి ముఖం మీద నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగులుతుంది. మన ఊళ్లలో పాత ఇళ్లకి ఇలాగే నేల నుంచి చెమ్మ ఎక్కి, సున్నం పొక్కులు లేచి రాలిపోతుంది. ఆ చెమ్మ పైకి ఎక్కకుండానే పునాది కట్టు మీద కాంక్రీటు పట్టీ వేస్తాం.

ఇంటి_తనిఖీ
పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. నేను పెన్సిల్వేనియాలో ఇళ్ల ఇన్‌స్పెక్షన్ చేస్తుంటాను. తేల్చుకోవడానికి ఖర్చు లేని పద్ధతి ఒకటి ఉంది. వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ అడుగు పొడవు, అడుగు వెడల్పు ముక్కలు నాలుగైదు కత్తిరించండి. గోడని ముందు పొడిబట్టతో తుడిచి, హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి, ఒక్కో ముక్కని నాలుగు వైపులా గాలి దూరకుండా టేప్‌తో అంటించండి. అనుమానం ఉన్న మూలలో ఒకటి, ఏ మచ్చా లేని గోడల మీద తలా ఒకటి, నేల మీద ఒకటి. రెండు రోజులు వదిలేయండి.

తర్వాత చూస్తే ఫాయిల్ బయటి ముఖం మీద, అంటే గది వైపు, తడి ఉంటే అది గాలిలోని తేమ. వెనక వైపు, గోడని ఆనుకున్న చోట తడి ఉంటే గోడలోంచి వస్తున్నది. రెండూ కూడా ఉండొచ్చు.

ఇంకో పని: పది, పదిహేను డాలర్లలో తేమ మీటర్ దొరుకుతుంది, రెండు కొనండి. ఒకటి కింద, ఒకటి పైన. ఇంట్లో తేమ 60 శాతం దాటకూడదనీ, 30 నుంచి 50 మధ్య ఉంటే మంచిదనీ ఈపీఏ (అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ) చెబుతుంది. మీ దగ్గర ఎంత ఉందో చూసి రాయండి. బేస్‌మెంట్ కిటికీలు తెరుస్తున్నారా?

ఎడిసన్_లలిత
తెరుస్తున్నాం అండీ! మామయ్య పొద్దున్నే లేచి నాలుగు కిటికీలూ తీస్తారు. గాలాడకపోతే వాసన ఎలా పోతుంది అంటారు. మళ్లీ రాత్రి పడుకునే ముందే మూయడం. తప్పా?

ఇంటి_తనిఖీ
మే చివర నుంచి సెప్టెంబర్ దాకా తప్పే. చిన్న లెక్క చెబుతాను. బయట 86 డిగ్రీల (ఫారెన్‌హీట్) ఎండ, తేమ 65 శాతం అనుకోండి. ఆ గాలి దాదాపు 73 డిగ్రీలకి చల్లబడితే చాలు, నీళ్లు వదలడం మొదలుపెడుతుంది. మీ బేస్‌మెంట్ గోడ మట్టిలో ఉంది కాబట్టి 65 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంటే కిటికీ తీసిన ప్రతిసారీ బయటి తడిని చేజేతులా లోపలికి పిలిచి గోడ మీద కూర్చోబెడుతున్నారు. వాసన పోవాలని తీసిన కిటికీయే వాసన పెంచుతోంది.

టొరంటో_తులసి
మా ఇంట్లో కూడా అచ్చం ఇదే. మా అమ్మ వచ్చినప్పుడల్లా "గాలి, వెలుతురు" అని అన్నీ బార్లా తీసేసేది. మన దగ్గర అలవాటు అది, వాళ్లని తప్పు పట్టలేం. అక్కడ ఇల్లు నేల మీద ఉంటుంది, గోడ ఎండకి వేడిగా ఉంటుంది, కాబట్టి అక్కడ చెల్లుతుంది.

ఎడిసన్_లలిత
అదే నా బాధ. మామయ్యకి ఎలా చెప్పను? ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యారు. అన్నీ పద్ధతిగా చేసే మనిషి. నేను వద్దంటే చిన్నబుచ్చుకుంటారు.

పాత_మేస్త్రి
వద్దని అనకమ్మా. మీటర్ ఆయన చేతికే ఇవ్వు. "మామయ్యా, కిటికీ తీసినప్పుడు ఎంత, మూసినప్పుడు ఎంత, కాస్త రాసి పెడతారా" అని అడుగు. రైల్వే మనిషికి రిజిస్టరు ఇస్తే చాలు, నిజం ఆయనే పట్టుకుంటారు.

కొలంబస్_కిరణ్
నేను వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేశాను, గోడకి లోపలి వైపు. రెండు కోట్లు. మొత్తం 300 డాలర్లలో అయిపోయింది. మూడేళ్లుగా బాగానే ఉంది. ముందు అది ట్రై చేయొచ్చుగా?

డెట్రాయిట్_బావ
@కొలంబస్_కిరణ్ నాకు రెండో శీతాకాలానికే బొబ్బలెక్కి అప్పడంలా లేచింది. బయట నీళ్లు గోడని నెడుతుంటే లోపలి నుంచి వేసిన రంగు ఎంతకాలం ఆపుతుంది?

ఇంటి_తనిఖీ
ఇద్దరి మాటా నిజమే. కిరణ్ గారి గోడకి బయట నీటి ఒత్తిడి లేదు, కాస్త చెమ్మే, అందుకే రంగు నిలబడింది. లలిత గారి మూలలో ఉప్పు తేలి ఉంది. ఉప్పు మీద రంగు వేస్తే అంటుకోదు. ముందు నీరు ఆగాలి, ఇనుప బ్రష్‌తో ఉప్పు రుద్దాలి, గోడ ఆరాలి. రంగు సంగతి ఆ తర్వాత.

చికాగో_చలి
వాన పడేటప్పుడు గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ ఒక్కసారి తిరగండి. మా ఇంటి సమస్య మొత్తం అలాగే దొరికింది. గట్టర్ (చూరు అంచున వాననీళ్లు పట్టే తొట్టి) నిండా మేపుల్ ఆకులు, చూరు నీళ్లన్నీ గోడ పక్కనే జలపాతంలా పడుతున్నాయి. ఆకులు తీసి, గట్టర్ నీళ్లు కిందికి దిగే గొట్టం చివర మరో పొడుగు గొట్టం తగిలించాను. బేస్‌మెంట్‌లో తడి సగానికి పైగా తగ్గింది. ఖర్చు 60 డాలర్లు, ఒక ఆదివారం.

పాత_మేస్త్రి
ఈ చూరు నీళ్ల లెక్క చాలామందికి తెలియదు. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక్క అంగుళం వాన పడితే సుమారు 620 గ్యాలన్లు. మన లెక్కలో 2,300 లీటర్ల పైమాట, అంటే నీళ్ల డ్రమ్ములు పదకొండో పన్నెండో. అదంతా రెండు మూడు గొట్టాల్లోంచి దిగుతుంది. గొట్టం గోడ పక్కనే వదిలితే ఇంటి పునాదికి రోజూ నువ్వే స్నానం చేయిస్తున్నట్టు. కనీసం ఆరడుగులు, కుదిరితే పది అడుగులు దూరం తీసుకెళ్లి వదలాలి. గోడ పక్క నేల కూడా బయటికి వాలి ఉండాలి. మొదటి పది అడుగుల్లో ఆరంగుళాల వాలు చాలు. పూలమొక్కల పాది ఇంటి వైపుకి వాలి ఉందేమో చూడు, చాలా ఇళ్లలో దొంగ అక్కడే ఉంటాడు.

కూకట్‌పల్లి_కుర్రోడు
సెల్లార్ అంటే నాకూ ఒక కథ ఉంది. మా అపార్ట్‌మెంట్‌కి రెండు సెల్లార్లు. కట్టేటప్పుడు రాయి పేల్చి తీశారు. ఆ బండ చీలికల్లోంచి ఏడాది పొడుగునా ఊట. లిఫ్ట్ గుంటలో ఎప్పుడూ నీళ్లే, మోటారు రోజుకి నాలుగుసార్లు నడుస్తుంది. వేసవిలో బోరు ఎండిపోతుంది గానీ సెల్లార్ ఎండదు. 2020 అక్టోబర్ వానలకి కింది సెల్లార్ నిండా నీళ్లు, బండ్లన్నీ మునిగాయి. మాకు ఏదైనా దారి ఉందా?

పాత_మేస్త్రి
బాబూ, బండ మీద పడిన వాన కిందికి ఇంకదు, చీలిక వెంబడి పక్కకి పారుతుంది. మీ సెల్లార్ ఆ దారికి అడ్డంగా ఉంది. గోడకి సిమెంట్ పూసి ఆపుదామని చూడకండి, ఇక్కడ ఆపితే అక్కడ చిమ్ముతుంది. గోడ అడుగున చిన్న కాలువ తీసి, నీళ్లన్నీ ఒక సంపులోకి చేర్చి, రెండు మోటార్లు పెట్టండి, ఒకటి పాడైతే రెండోది. కరెంటు ప్యానెల్ సెల్లార్‌లో ఉంటే ముందు దాన్ని పైకి ఎక్కించండి. ఆ పని ఒక్క రోజు కూడా వాయిదా వేయకండి.

వానచినుకు
నేను చెప్పేది కాస్త భారంగా ఉంటుంది, అయినా చెప్పాలి. లలిత గారూ, అత్తయ్యగారి పడక కింద అన్నారు కదా. ఆ గదిలో మనిషి దూరి బయటికి రాగలిగే కిటికీ ఉందా?

2021 సెప్టెంబర్ 1, ఐడా తుఫాను రాత్రి నేను క్వీన్స్‌లో బేస్‌మెంట్ అద్దె గదిలో ఉన్నాను. సెంట్రల్ పార్క్‌లో ఒక్క గంటలో 3.15 అంగుళాలు పడిందని తర్వాత తెలిసింది. ఆ గంటలో నాకు తెలిసింది ఒక్కటే: స్నానాల గది డ్రెయిన్‌లోంచి గుడగుడమని చప్పుడు, తర్వాత చాప కింద నీళ్లు, తర్వాత మోకాలి దాకా. మెట్ల తలుపు బయటికి తెరుచుకుంటుంది, అవతల నీళ్లు ఒత్తుతుంటే కదల్లేదు. పై వాటా ఆంటీ వాళ్లబ్బాయి కిటికీ జాలీ పీకి నన్ను లాగాడు. ఆ రాత్రి న్యూయార్క్‌లో పోయినవాళ్లలో ఎక్కువమంది బేస్‌మెంట్ ఇళ్లలో ఉన్నవాళ్లే. తేమ సంగతి మెల్లగా చూసుకోవచ్చు. పెద్దవాళ్ల పడక మాత్రం ఈ రోజే పైకి మార్చండి.

ఎడిసన్_లలిత
@వానచినుకు చదివి చేతులు చల్లబడ్డాయి. ఆ గదికి చిన్న అద్దం కిటికీయే ఉంది, పిల్లి పడుతుందేమో. ఈ రాత్రికే మా గది వాళ్లకి ఇచ్చేస్తున్నాం. మీరు క్షేమంగా ఉన్నందుకు సంతోషం.

ఇంటి_తనిఖీ
మంచి పని చేశారు. ఇంకో కారణం కూడా ఉంది: రేడాన్. మట్టిలోని యురేనియం నుంచి పుట్టే వాయువు, రంగు లేదు, వాసన లేదు. నీళ్లు వచ్చే పగుళ్లలోంచే అదీ వస్తుంది. అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి సిగరెట్ తర్వాత పెద్ద కారణం ఇదే అని ఈపీఏ చెబుతుంది. టెస్ట్ కిట్ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. లీటరు గాలిలో 4 పికోక్యూరీలు గానీ అంతకు మించి గానీ ఉంటే బాగుచేయించాలి. సంప్ గుంట, అంటే నేల కింద ఊరిన నీళ్లు చేరి పంపు తోడేసే గుంట, దాని మీద మూత లేకపోతే గట్టి మూత పెట్టించండి, తేమ కూడా తగ్గుతుంది.

గోంగూర_పచ్చడి
ఇన్సూరెన్స్ గురించి ఎవరూ అనలేదు. మామూలు హోమ్ పాలసీలో నేలలోంచి ఊరి వచ్చిన నీళ్లకి పైసా రాదు. సంప్ పంపు ఆగి పొంగితే దానికి వేరేగా చిన్న అదనపు కవరేజ్ తీసుకోవాలి. వరద పాలసీ మళ్లీ వేరే. నాకు ఇది క్లెయిమ్ వేసిన రోజున తెలిసింది. ఈ వారమే మీ పాలసీ తీసి చదవండి.

ఎడిసన్_లలిత
ఫాయిల్ ఫలితాలు. నాలుగు గోడల్లో మూడింటికి గది వైపే తడి, వెనక పొడి. అంటే చెంబు. ఉత్తరం మూలలో టేప్ పీకగానే వెనక నుంచి సన్నటి ధార జారింది, గది వైపు కూడా చెమట. అంటే అక్కడ చెంబూ, కుండా రెండూ. నేల మీద ముక్క రెండు వైపులా పొడి. మీటర్ 74 శాతం.

ఇక మామయ్య సంగతి. మేస్త్రి గారు చెప్పినట్టే మీటర్, ఒక నోట్‌బుక్ ఇచ్చాను. స్కేలుతో గీతలు గీసి గడులు చేశారు: టైము, కిటికీ, కింద, పైన, బయట వాన. మొదటి రోజు కిటికీలు తీసి 74, 76, 77. రెండో రోజు మూసి, 73, 71, 70. మూడో రోజు పొద్దున నేను కాఫీ ఇస్తుంటే "లలితా, ఆ కిటికీలు తీయకూడదమ్మా, నేను లెక్క చూశాను" అన్నారు. నేనేమీ అనలేదు, సరే మామయ్యా అన్నాను అంతే.

టొరంటో_తులసి
ఆ నోట్‌బుక్ ఫోటో తీసి దాచుకోండి.

పాత_మేస్త్రి
ఆయనకి నా నమస్కారాలు చెప్పమ్మా. ఇప్పుడు ఉత్తరం మూల బయటికి వెళ్లి చూడు. అక్కడ గొట్టం దిగుతోందా?

ఎడిసన్_లలిత
దిగుతోంది. కానీ అది నేలలోకి పోయే గొట్టంలోకి దూరి ఉంది. అటు నుంచి వీధిలోకి పోతుందని అనుకున్నాం.

చికాగో_చలి
అనుకోవద్దు. గార్డెన్ పైపు పెట్టి పది నిమిషాలు నీళ్లు వదలండి. అటు చివర వస్తున్నాయో లేదో చూడండి.

ఎడిసన్_లలిత
దొరికింది! నాలుగు నిమిషాలకే గొట్టం నోటి దగ్గర నీళ్లు పైకి తన్నాయి. వీధి దగ్గర చుక్క రాలేదు. మావారు అడుగున్నర తవ్వితే ఆ మట్టి గొట్టం అతుకు దగ్గర విరిగి, లోపల మొత్తం చెట్టు వేళ్లు, జడలాగా అల్లుకుని. ఎన్నేళ్లుగా కప్పు నీళ్లన్నీ అక్కడే గోడ పక్కన పోస్తున్నామో. ఆ కంపెనీ మనిషి ఇంటి బయటికి అసలు వెళ్లనే లేదు, అది తలుచుకుంటే కోపం వస్తోంది.

డెట్రాయిట్_బావ
దొరికినందుకు చాలా సంతోషం. కానీ ఒక్క మాట, ఇప్పుడే గెలిచామనుకోకండి. నేనూ గట్టర్లన్నీ సరిచేశాను. వేసవి అంతా హాయిగా ఉంది. మార్చిలో మంచు కరిగాక గోడ, నేల కలిసే చోట నుంచి నీళ్లు ఉబికాయి, ఒక్క మూల కాదు, చుట్టూతా. అది కప్పు నీరు కాదు, భూమిలో నీటిమట్టమే పైకి వచ్చింది. దానికి లోపలి డ్రెయినే మందు.

ఇంటి_తనిఖీ
బావ గారు చెప్పింది ముఖ్యం. చుట్టూతా అడుగు నుంచి వస్తే డ్రెయిన్ అవసరమే, నేను కాదనను. కానీ మార్చి వచ్చేదాకా ఆ సంగతి తేలదు. ఇప్పుడు గొట్టం పైకి తీసి పది అడుగులు అవతలికి వదలండి, మట్టి పోసి వాలు చేయండి, ఒక డీహ్యుమిడిఫైయర్ (గాలిలో తేమ లాగేసే మెషీన్) పెట్టండి. మీ సంప్ పంపు నడుస్తోందా? బకెట్ నీళ్లు పోసి చూశారా?

కొలంబస్_కిరణ్
డీహ్యుమిడిఫైయర్ కొనేటప్పుడు ఒకటి గమనించండి. 2019లో అమెరికాలో కొలిచే పద్ధతి మార్చారు. ముందు 80 డిగ్రీల వేడి గదిలో కొలిచేవాళ్లు, ఇప్పుడు బేస్‌మెంట్‌లా 65 డిగ్రీల్లో కొలుస్తున్నారు. కాబట్టి రోజుకి 70 పైంట్ల నీళ్లు లాగుతుందనే పాత మెషీన్‌కి (పైంటు అంటే సుమారు అర లీటరు) ఇప్పుడు 50 అని రాసి ఉంటుంది. తక్కువైందని కంగారు పడకండి. డబ్బా నింపి పారబోసేది వద్దు, వెనక గొట్టం తగిలించి సంప్‌లోకి వదలండి. మెషీన్‌ని 50 దగ్గర పెట్టి మర్చిపోవచ్చు.

ఎడిసన్_లలిత
బకెట్ నీళ్లు పోశాం. పంపు కదల్లేదు! తేలే బంతి గుంట గోడకి ఆనుకుని ఇరుక్కుపోయి ఉంది. చేత్తో లాగగానే ఘర్రుమని నడిచింది. పంపుని మధ్యకి జరిపి మళ్లీ రెండు బకెట్లు పోసి చూశాం, ఇప్పుడు తనంతట తానే నడుస్తోంది. పెద్ద వాన పడి ఉంటే మా గతి ఏమయ్యేదో.

చికాగో_చలి
బ్యాటరీ బ్యాకప్ పెట్టండి. గాలివాన రోజే కరెంటు పోయేది, ఆ రోజే పంపు కావాల్సింది.

టొరంటో_తులసి
ఇంట్లో సామాను సంగతి కూడా చెబుతాను. అట్టపెట్టెలు నేల మీద పెట్టకండి, బూజుకి అట్టంత ఇష్టమైన భోజనం లేదు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు, గోడకి జానెడు దూరంలో, నేలకి ఎత్తులో. బియ్యం బస్తాలు పైకి తెచ్చేయండి. మా బొమ్మల కొలువు పెట్టె ఒక్క వేసవిలో పాడైంది, కొండపల్లి బొమ్మల రంగు పొరలుగా లేచి వచ్చింది. ఆ పునికి చెక్క చాలా తేలిక, తేమని దూదిలా పీల్చేస్తుంది.

వానచినుకు
మృదంగం సంగతి ఏమైంది?

ఎడిసన్_లలిత
మా వాడి గురువుగారికి వీడియోలో చూపించాం. తడిబట్ట వద్దు, ఎండలో అసలే వద్దు అన్నారు. మాస్కు పెట్టుకుని బయట నీడలో పొడిబట్టతో తుడిచాం. బూజు పోయింది గానీ చర్మం మెత్తబడి శ్రుతి నిలవడం లేదు. కుడి మూత మార్పించాలట, ఎడమది పనికొస్తుందట. కట్టె బాగానే ఉంది. వాడు రోజూ మెట్ల దగ్గర నిలబడి మీటర్ ఎంత అని తాతని అడుగుతున్నాడు.

ఎడిసన్_లలిత
జూలై చివర అప్‌డేట్. గొట్టం, మట్టి, గట్టర్ శుభ్రం కలిపి 140 డాలర్లు. డీహ్యుమిడిఫైయర్ 230. నిన్న రాత్రి కుండపోత వాన. పొద్దున ఉత్తరం మూల గోడ కాస్త నల్లగా ఉంది, చేయి పెడితే చల్లగా తగిలింది గానీ తడి అంటలేదు. మీటర్ 51. వాసన దాదాపు లేదు. ఫినిష్ చేసిన వైపు ఆ మూల దగ్గర ప్లాస్టర్ బోర్డు అడుగున అడుగు ఎత్తు కోసి తీసేశాం, వెనక అంతా నల్ల బూజు. రేడాన్ 2.1 వచ్చింది.

ఇంటి_తనిఖీ
బాగుంది. కోసిన చోట మళ్లీ బోర్డు పెట్టడానికి తొందరపడకండి, వచ్చే వసంతం చూశాక చేద్దురు గాని. అప్పుడు కూడా గోడకి ప్లాస్టిక్ షీటు కొట్టి దాని మీద గాజుదూది పెట్టే పని చేయనివ్వకండి, మధ్యలో తడి ఇరుక్కుపోతుంది. గోడకి నేరుగా ఫోమ్ బోర్డు అంటించమనండి.

డెట్రాయిట్_బావ
మార్చిలో మళ్లీ రాయండి. మర్చిపోకండి.

ఎడిసన్_లలిత
బావ గారూ, మార్చి వచ్చింది, మర్చిపోలేదు. మొన్నటి మంచు రెండు రోజుల్లో కరిగింది, పైన వాన కూడా పడింది. ఉత్తరం మూల పొడిగా ఉంది, చేయి రాస్తే దుమ్మే వచ్చింది. కానీ మీరు అన్నది కొంత నిజమైంది. ఫర్నేస్ (ఇంటిని వేడిచేసే మెషీన్) వెనక గోడ, నేల కలిసే చోట మూడడుగుల పొడవున సన్నటి తడి గీత. నీళ్లు నిలవలేదు. చుట్టూతా లేదు, అక్కడొక్కటే. పంపు గంటకి ఒకసారి నడిచింది. ఇప్పుడేం చేయాలి?

డెట్రాయిట్_బావ
మాకు మొదటి ఏడాది వచ్చిన దానితో పోలిస్తే ఇది ఏమీ కాదు. నాకైతే చుట్టూ నాలుగు వైపులా చేపపిల్లలు వదలొచ్చు అన్నంత నీళ్లు. మీకు 16 వేల పని లేదు, నేనే ఒప్పుకుంటున్నాను.

ఇంటి_తనిఖీ
తడి ఎంతవరకు ఉందో పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. ఏప్రిల్ వానలకి గీత దాటుతుందేమో చూడండి. ఫర్నేస్ వెనక గోడకి బయట ఏముంది?

ఎడిసన్_లలిత
డ్రైవ్‌వే. సిమెంట్ దిగబడి ఇంటి వైపుకి కొంచెం వాలింది.

పాత_మేస్త్రి
అదిగో. ఎండ వచ్చాక ఆ అంచు, గోడ మధ్య సందులో సీలెంట్ పెట్టించు, దిగబడిన ముక్కని లేపించు. ముందు ఆ ఒక్క పని చేసి చూడు. మామయ్యగారు ఎలా ఉన్నారు?

ఎడిసన్_లలిత
అక్టోబర్‌లో ఇండియాకి వెళ్లిపోయారు మేస్త్రి గారూ. నోట్‌బుక్ ఇక్కడే వదిలి వెళ్లారు, ఇప్పుడు మా వాడు రాస్తున్నాడు. ఆదివారం ఫోన్ చేస్తే మామయ్య ముందు అడిగేది మీటర్ గురించే. ఈ వారం 43 అని చెబితే "బయట వాన ఉందా, లేదా? అది కూడా రాయమను" అన్నారు.